రాయని పేరు

మా వైపు ఊళ్లలో కొట్లాట జరిగితే దెబ్బలు తిన్నవాణ్ణి ఇద్దరు ఆసుపత్రికి తీసుకుపోతారు. మిగిలినవాళ్లు కూర్చుని పేర్లు రాస్తారు. కొట్టినవాళ్ల పేర్లు ఎలాగూ ఉంటాయి. వాటి కింద, ఎదుటి పక్షంలో ఎవరిని స్టేషనుకు ఈడిస్తే ఆ పక్షం నడుము విరుగుతుందో వాళ్ల పేర్లు చేరుస్తారు. ఆ రోజు ఊళ్లో లేనివాడి పేరూ ఉంటుంది, మంచం మీద ఉన్నవాడి పేరూ ఉంటుంది. దీన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. రాసేవాళ్లకు తెలుసు, రాయించుకునే పోలీసులకు తెలుసు, కోర్టుకు కూడా తెలుసుననే నేను అనుకుంటాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. కేసులో పేరు ఉండటం మా దగ్గర ఒక హోదా. ముందు నెంబర్లలో ఉంటే ఇంకా పెద్ద హోదా. పెళ్లి పత్రికలో పేరు మరిచిపోతే ఎంత చిన్నతనమో, ఊరి కేసులో పేరు లేకపోతే పెద్ద ఇంటికి అంత చిన్నతనం. బయటివాళ్లకు చెబితే నవ్వుతారు. హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పినన్నాళ్లూ నేనూ స్టాఫ్ రూములో ఈ మాట చెప్పి నవ్వించాను. మా అన్నయ్య సంగతి మాత్రం అక్కడ ఎన్నడూ ఎత్తలేదు.

మా ఊరు గురజాలకూ మాచర్లకూ మధ్య, రోడ్డుకు లోపలగా ఉంటుంది. గడ్డపార వేస్తే నాపరాయి తగులుతుంది. గోడలు నాపరాయి, పైకప్పు నాపరాయి, చేల చుట్టూ కంచె కూడా నిలువుగా పాతిన నాపరాళ్లే. మా ఇంటి అరుగు మీద పరిచినది ఒకటే రాయి. అంత పెద్ద పలక ముక్కలు కాకుండా గని నుంచి ఎలా తెచ్చారో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఆ అరుగు మీద మా తాత కూర్చునేవాడు. దొంగతనం, గట్టు తగాదా, మొగుడూ పెళ్లాల గొడవ, ఏది వచ్చినా ఊరు ఆ రాయి దగ్గరికే వచ్చేది.

ఆ తీర్పులన్నీ ధర్మంగా జరిగాయని నేను అనను. ఆ అరుగు ముందు కొందరు కూర్చునేవాళ్లు, కొందరు చెప్పులు విప్పి ఎండలో నిలబడేవాళ్లు. అది న్యాయం కాదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. కానీ తాతకు ఒక పద్ధతి ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. దొంగతనం పంచాయితీ అయితే దొంగ పేరు అరుగు మీద పలకనిచ్చేవాడు కాదు. ఏం పోయింది, ఎక్కడ పోయింది, ఇంతవరకే చెప్పమనేవాడు. ఎవరి మీద అనుమానమో చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. తరువాత పెరట్లోకి పిలిచి ఆ పేరు ఒక్కడే వినేవాడు. మర్నాడు పోయిన వస్తువు అరుగు మీద ఉండేది. ఎవరు తెచ్చి పెట్టారో ఊరికి తెలిసేది కాదు.

"పేరు ఒకసారి ఈ రాయి మీద పడిందంటే ఎన్ని బిందెల నీళ్లు పోసినా పోదు" అనేవాడట.

నాన్న కాలానికి భూమి సగం కోర్టు వాయిదాల్లో కరిగింది, మిగిలిన సగం ఆ వాయిదాలు గెలవడానికి కరిగింది. పంచాయితీలు పార్టీ ఆఫీసులకూ స్టేషనుకూ పోయాయి. అరుగు మీదికి మనుషులు రావడం మానేశారు. నాన్న మాత్రం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అరుగు మీద వెన్ను గోడకు ఆనించకుండా కూర్చునేవాడు. గోడకు ఆనుకునేవాడు ముసలివాడు అనేవాడు. ఎవరైనా దండం పెడతారేమోనని దారి వంక చూసేవాడని నాకు తెలుసు. అది చూడనట్టు నేను లోపలికి పోయేదాన్ని.

నేను నరసరావుపేటలో చదువుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ కొట్లాట జరిగింది. పంచాయతీ ఎన్నికలు అయిపోయిన కొత్త. సాయంత్రం మసక వేళ, మిరప కల్లాల దగ్గర, అవతలి పక్షం కుర్రవాణ్ణి ఒకణ్ణి మా పక్షంవాళ్లు నరికారు. మా పక్షం అంటున్నాను గానీ, నాన్నను వాళ్లు మాట వరసకైనా అడిగింది లేదు. ఇంటి మీద ఉన్న పాత జెండా వల్ల మేము ఆ పక్షం. కుర్రవాడు బతికాడు, మోకాలి కింద కాలు పోయింది. గుంటూరు ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. తండ్రి లేనివాడు. వాళ్ల అమ్మ స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇచ్చింది. వాళ్ల పక్షం పెద్దమనుషులు పక్కన కూర్చుని పేర్లు రాయించారు.

మా పక్షంలో పెద్ద ఇల్లు అనదగిన ప్రతి ఇంటి నుంచీ ఒక పేరు ఉంది. మా ఇంటి నుంచి లేదు.

ఆ సంగతి నాన్నకు మంగలి కొట్టు దగ్గర తెలిసింది. గడ్డం సబ్బు నురుగులో ఉండగా మా పక్షంవాడే ఒకడు బెంచీ మీద నుంచి అన్నాడట.

"ఏంది బాబాయ్, మీ ఇంట్లోంచి ఒక్క పేరు కూడా లేదంటగా! చివరాఖరికి కేసుకు కూడా పనికిరాకుండా పోతిరే!"

ఇంకొకడు అందుకున్నాడట. "ఊరుకోరా, వాళ్ల పేరు రాస్తే ఎస్సై ఎవురూ అని అడుగుతాడు. మళ్లీ వాళ్లెవురో చెప్పలేక చావాల."

నాన్న సగం గడ్డంతో లేచి ఇంటికి వచ్చాడు. అమ్మ అద్దం, కత్తి తెచ్చి ఇచ్చినా తీసుకోలేదు. అరుగు మీద కూర్చోలేదు. లోపల పడక గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాన్న గోడకు ఆనుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. అన్నం పెడితే కంచం జరిపేశాడు. మర్నాడూ అంతే. అమ్మ బతిమాలితే ఒకే మాట అన్నాడు.

"వాళ్ల లెక్కలో మనం ఊళ్లో లేమే."

అన్నయ్య గడప అవతల నిలబడి విన్నాడు. అన్నయ్య అప్పటికి బీఈడీ ముగించి, టీచరు ఉద్యోగానికి సెలెక్ట్ అయ్యి, ఆర్డరు కోసం ఎదురుచూస్తున్నాడు. లెక్కల్లో దిట్ట. కొట్లాట జరిగిన సాయంత్రం మా వెనక వసారాలో పిల్లలకు భిన్నాలు చెబుతున్నాడు. ఆ పిల్లలకు మంచినీళ్లు ఇచ్చింది నేనే.

మర్నాడు పొద్దున తెల్ల చొక్కా తెచ్చి ఇస్త్రీ చెయ్యమన్నాడు. ఉద్యోగం పని మీద వెళుతున్నాడనుకున్నాను. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కాలరు నిలబడేటట్టు చేసి ఇచ్చాను. బస్సెక్కి మండలంలో స్టేషనుకు పోయి, ఆ సాయంత్రం కల్లాల దగ్గర నేనూ ఉన్నానని చెప్పాడు.

"నీ పేరు ఎవరూ చెప్పలేదే" అన్నాడట ఎస్సై.

"నేను చెబుతున్నాను కదండీ" అన్నాడట అన్నయ్య.

ఎస్సైకి అభ్యంతరం ఏముంటుంది? తనంత తాను వచ్చిన ముద్దాయి. రాసుకున్నాడు.

మా పక్షంవాళ్లకు ప్రాణం లేచి వచ్చింది. పెద్దింటి పిల్లవాడు మనతో ఉన్నాడని చెప్పుకున్నారు. అన్నయ్య బెయిలు మీద వచ్చిన రోజు ఊరి మొగలో డప్పులు పెట్టారు. బంతిపూల దండ వేసి నడిపించుకుంటూ ఇంటికి తెచ్చారు. నాన్న గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. మంగలి కొట్టు దగ్గర నవ్వినవాడే వచ్చి నాన్నకు దండం పెట్టాడు. నాన్న ఆ మధ్యాహ్నం పప్పూ గోంగూరా రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. అన్నయ్య దండ తీసి చిలక్కొయ్యకు తగిలించి, పిల్లలు వచ్చే వేళయిందని వసారా ఊడ్చుకున్నాడు.

డప్పులు కొట్టిన ఊరే తరువాత అన్నయ్యతో ఎలా ఉన్నదో చెప్పాలి. ఉద్యోగం ఆర్డరు రాలేదు, పోలీసు రిపోర్టు దగ్గర ఆగిపోయింది. సంబంధాలు వచ్చినవి వచ్చినట్టే పోయాయి. "పిల్లోడు మంచోడే, ఇల్లూ మంచిదే, కానీ కేసుందంటగా" అన్నవాళ్లలో దండ వేసినవాళ్ల బంధువులూ ఉన్నారు. మా ఊళ్లో మగవాడికి కేసు ఒక మీసం లాంటిది. ఆడపిల్లను ఇచ్చేటప్పుడు మాత్రం మీసం లేనివాడి కోసం వెతుకుతారు.

కేసు ఏళ్ల తరబడి నడిచి, చివరికి రెండు పక్షాలూ రాజీపడ్డాయి. కాలు పోయిన మనిషి గురజాల కోర్టులో బోనెక్కి, చీకట్లో ఎవరినీ గుర్తుపట్టలేదని చెప్పాడు. కేసు కొట్టేశారు. ఆ సాయంత్రం రెండు పక్షాలూ ఒకే పంక్తిలో కూర్చుని భోజనాలు చేశాయి. అన్నయ్య వెళ్లలేదు.

కేసు పోయింది గానీ రౌడీషీటు పోలేదు. ఆ కేసులో ఉన్న అందరి మీదా అప్పుడే తెరిచారు. షీటు ఉన్నవాడు పిలిచినప్పుడల్లా ఆదివారం స్టేషనుకు పోయి సంతకం పెట్టి, బుద్ధిగా ఉండమని చెప్పించుకుని రావాలి. ఎన్నికలు వస్తే తహసీల్దారు ముందు నిలబడి గొడవలు చెయ్యనని పూచీ రాసి ఇవ్వాలి. దాన్ని బైండోవర్ అంటారు. మిగిలినవాళ్లు పార్టీలు మారి, మనుషులను పట్టుకుని ఒక్కొక్కరే షీట్లు తీయించుకున్నారు. ఒకరు కాంట్రాక్టరు అయ్యారు. ఒకరు బడి కమిటీకి పెద్ద అయ్యారు, పతాకం ఎగరేసి పిల్లలకు మిఠాయిలు పంచుతారు. నిజంగా కత్తి పట్టినవాళ్లందరూ శుభ్రపడ్డారు. భిన్నాలు చెప్పుకుంటున్న మనిషి మిగిలాడు. ఎవరి దగ్గరికైనా పోయి చెప్పించుకోమని అమ్మ బతికున్నంతకాలం అడిగింది.

"ఏమని చెప్పించుకోను? చెయ్యలేదు అంటే నాన్న అబద్ధమైపోతాడు. చేశాను, క్షమించండి అంటే నేను అబద్ధమైపోతాను" అనేవాడు.

ఆదివారం తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్లేవాడు. ఇంటి దగ్గర ప్రైవేటు చెప్పించుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యి, ఒకడు ఆ స్టేషన్లోనే కానిస్టేబుల్‌గా వచ్చాడు. వరసగా నిలబెట్టి హాజరు పిలుస్తూ, అన్నయ్య పేరు దగ్గరకు వచ్చేసరికి, "సార్, మీరు కూర్చోండి సార్" అన్నాడట. ఎస్సై అది విని, "ఎవడ్రా సార్ ఇక్కడ?" అన్నాడట. అన్నయ్య ఇది ఇంటికి వచ్చి నవ్వుతూ చెప్పాడు. నేను అప్పటికి భర్త పోయి, ఉద్యోగం మా మండలానికి బదిలీ చేయించుకుని ఇంటికి వచ్చేశాను. ఇద్దరం అన్నం తింటున్నాం. నేను కంచం తీసుకుని లేచాను.

ఇల్లు కూడా పోయింది. ముందు భాగం అరుగుతో సహా అమ్మేశాం. ఇప్పుడది ఎరువుల కొట్టు. తాత కూర్చున్న రాయి మీద పురుగుమందు డబ్బాలు పేరుస్తారు. మేమిద్దరం వెనక ధాన్యం కొట్టులో ఉంటున్నాం. గోడలు మందం, కిటికీ ఒకటే. అద్దె ఇళ్లు చాలా ఉన్నాయని చెప్పినవాళ్లు ఉన్నారు. మా ఇంట్లో మేము ఉన్నామని నేను జవాబు చెప్పాను.

అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, ముఖంలో కుడి సగం పోయాయి. మాట ముద్దగా అయింది. ఆ తరువాత వచ్చిన ఎన్నికలకు కూడా బైండోవర్‌కు పిలుపు వచ్చింది. ఆసుపత్రి కాగితాలు చూపించాను.

"ఇవి తహసీల్దారు గారికి చూపించండమ్మా, మనిషి రావాల్సిందే" అన్నారు.

ఆటోలో తీసుకుపోయాను. ఆఫీసు మేడ మీద. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కానిస్టేబుళ్లు మెట్లెక్కించారు. ఒకడు ఆ శిష్యుడే. కుర్చీ అన్నయ్యతో పాటు ఒరిగినప్పుడల్లా అన్నయ్య ఎడమచేత్తో వాడి భుజం పట్టుకున్నాడు. మెట్ల మీద వరసలో నిలబడ్డ కుర్రవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీశారు. "ఈ తాత ఏం చేశాడ్రా?" అని ఒకడు అడిగాడు. "మర్డరంట" అని ఇంకొకడు చెప్పాడు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మెడ వంచకుండా ఆ మెట్లన్నీ ఎక్కాను. పైకి వెళ్లాక, గొడవలు చెయ్యనని రాసిన కాగితం మీద అన్నయ్య ఎడమ బొటనవేలు నొక్కించారు. లెక్కల మాస్టారు వేలిముద్ర వేశాడు.

మళ్లీ స్థానిక ఎన్నికలు వస్తాయని మాట పుట్టినప్పుడు ఆ శిష్యుడు మా కొట్టు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, సార్‌ను ఇంకోసారి ఆ మెట్లెక్కించడం నా వల్ల కాదు. షీటు తీయించండి."

"ఎట్లా తీస్తారు?"

"కాలు పోయినాయన ఉన్నాడు గదా, ఆయన వచ్చి ఈ మనిషి ఆ రోజు లేడని ఒక్క ముక్క చెబితే ఎస్సై గారు పైకి రాస్తానన్నారు. ఇప్పుడు ఆయన మాటంటే చెల్లుద్ది మేడం. మీరు పోయి అడగాల."

ఆ కుర్రవాడు అడగమన్నది మామూలు పని. నాకు కాదు. మా ఇంటి నుంచి ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఉద్యోగంలో ఉండగా నేను ఒక్క సెలవు కూడా బతిమాలి తీసుకోలేదు. కానీ ఆ మెట్ల మీద కుర్చీ ఒరగడం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మర్నాడు గంజి పెట్టిన చీర కట్టుకుని వెళ్లాను.

ఆ ఇల్లు రెండంతస్తులు. నాపరాయి క్వారీల్లో బాగా సంపాదించారు. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నాడు, కర్ర పక్కన ఆనించి. నన్ను చూసి లేవబోయాడు.

"ఏందక్కా, మీ ఇంటోళ్లు మా గడప తొక్కడమంటే ఈ ఏడు వానలు బాగా పడతయ్! కూర్చో. నాకు కాలే తక్కువ గానీ కుర్చీలు చానా ఉన్నయ్."

కూర్చున్నాను. టీ తెచ్చారు. పట్టుకున్నాను గానీ తాగలేదు.

"నేను ఉపకారం అడగడానికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పమని అడగడానికి వచ్చాను" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "అదేలే. మీ ఇంట్లో అడుక్కోవడం కూడా ఆర్డరేసినట్టే ఉంటది. చెప్పక్కా."

చెప్పాను. కుర్చీ సంగతి, వేలిముద్ర సంగతి చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కర్ర కొన రాయి మీద గీరుతూ కూర్చున్నాడు.

"నన్ను నరికినోళ్లు ఎవరో నాకు తెలవదా అక్కా? ఒకడు ఇప్పుడు నా పార్టీలోనే ఉన్నాడు. మొన్న ఫంక్షన్లో నా పక్కనే కూర్చున్నాడు. బిర్యానీ గిన్నె నా కంచం దగ్గరికి జరిపింది వాడే."

"వాడి మీద షీటు లేదా?"

"ఉండె. నేనే తీయించా."

ఆయన తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"మీ అన్న వచ్చి అడిగుంటే ఏనాడో తీయించేవాణ్ణి. మాస్టారు లేడని ఊరందరికీ ఎరికే. అసలు మీ ఇంటి పేరు మావోళ్లు రాయలేదు గదక్కా. ఆయన ఎందుకొచ్చి నెత్తినేసుకున్నాడో నాకీనాటికీ తెలవదు."

"రాయలేదు. అందుకే వచ్చాడు" అన్నాను. అనకూడదనుకున్న మాట నోటి నుంచి వచ్చేసింది. "మా ఇల్లు లెక్కలో లేదని కదా మీరు రాయనిది."

లోపల గుమ్మం పక్క నులకమంచం మీద వాళ్ల అమ్మ పడుకుని ఉంది. నిద్రపోతున్నదనుకున్నాను. ఆమె లేచి కూర్చుంది. చూపు బాగా తగ్గింది, నా గొంతు వైపు ముఖం తిప్పింది.

"ఎవురూ, పెద్దింటి అమ్మాయా? ఏందే, ఏమంటున్నావు? లెక్కలో లేదని రాయలేదా?"

"అమ్మా, నువ్వూరుకో" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా. మూడో పేరుగా పెట్టారే మీ అన్న పేరు. చదివి వినిపిచ్చారు. నేనే తీసెయ్యమన్నా. తియ్యకపోతే వేలిముద్ర ఎయ్యనన్నా."

"ఎందుకు పెద్దమ్మా?" అన్నాను. ఆమెను వరస పెట్టి పిలవడం అదే మొదలు.

ఆమె కొంగు ఒళ్లో సర్దుకుంది.

"నేను కాపరానికొచ్చిన కొత్త. మీ కల్లంలో కూలికి పోయేదాన్ని. ఇంట్లో ఏమీ లేదు. ఎండు మిరపకాయలు ఒళ్లో కట్టుకొచ్చా. ఎవురో చూసి మీ తాతకు చెప్పారు. అరుగు కాడికి కూలోళ్లందర్నీ పిలిచారు. ఊరంతా ఉండారు. మా అత్త నన్ను చంపుద్దనుకున్నా. మీ తాత నా పేరు పలకనీయలా. అందర్నీ పొమ్మన్నాడు. పెరట్లోకి పిలిచి, ఆ కాయలు నీవేలే, తీసుకుపో, ఇంకోసారి ఒళ్లో కట్టబాక, అడిగి గంపలో తీసుకుపో అన్నాడు. మా అత్త చచ్చిందాకా ఆ సంగతి ఎరగదు. నా పేరు ఎత్తని ఇంటి పేరు నేను ఎట్టా ఎత్తేదే?"

కొడుకు కూడా ఆ సంగతి అప్పుడే వింటున్నాడని ఆయన ముఖం చూస్తే తెలిసింది. చేతిలో టీ చల్లారిపోయింది. దాన్ని పూర్తిగా తాగి గ్లాసు కింద పెట్టాను.

నాన్న పోయి చాలాకాలమైంది. తనను ఊరు లెక్కలోంచి తీసేసిందన్న బాధతో కాదు, కొడుకు ఆ లెక్కను తిరిగి నిలబెట్టాడన్న తృప్తితో పోయాడు. ఆ తృప్తి కింద ఉన్నది ఇది. తాత ఆ అరుగు మీద నేర్పిన మర్యాదను ఆ అరుగు ఎదుట ఎండలో నిలబడ్డ మనిషి గుర్తుపెట్టుకుంది. అరుగు మీద పుట్టిన మేము దాన్ని అవమానం అనుకున్నాం. పరువు అంటే పేరు వినిపించడమేనని మాకు ఎప్పుడు అలవాటైందో తెలియదు.

ఆయన నా ముందే ఎస్సైకి ఫోను చేసి, తాను వచ్చి వాంగ్మూలం ఇస్తానన్నాడు. నేను లేచి దండం పెట్టాను. ఆ ముసలామె కళ్లకు కనబడదని దగ్గరికి పోయి ఆమె చేతులు పట్టుకున్నాను.

"మీ అన్న ఆ పొద్దున నా మాట ఇన్లేదే" అంది మెల్లగా.

"ఏ పొద్దున?"

"టేషను కాడ. అడుగు, చెబుతాడు."

ఇంటికి వచ్చేసరికి అన్నయ్య కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికి వెళ్లానో చెప్పాను. ఆమె చెప్పినదంతా చెప్పాను. మిరపకాయల సంగతి చెబుతున్నప్పుడు అన్నయ్య ముఖం చూశాను. కొత్తగా వింటున్న ముఖం కాదు.

"నీకు తెలుసా?"

తల ఊపాడు.

"ఎప్పటి నుంచి?"

మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ పొద్దున స్టేషను గోడ నీడలో ఆమె కూర్చుని ఉందట. ఇంకోసారి వాంగ్మూలం కోసం పిలిపించారట. తెల్ల చొక్కాతో వస్తున్న అన్నయ్యను చూసి ఎదురు వచ్చిందట. ఎందుకొచ్చావయ్యా, మీ పేరు మేము చెప్పలేదే, మీ తాత నాకు చేసిన మేలుకు నేను చెప్పనీయలేదు, వెనక్కి పో అందట. కొడుకు కాలు పోయి ఆసుపత్రిలో ఉన్న మనిషి ఆ మాట చెప్పింది.

"మరి ఎందుకు లోపలికి పోయావు అన్నయ్యా? వెనక్కి వచ్చి ఇది నాన్నకు చెబితే సరిపోయేది కదా!"

అన్నయ్య ఎడమచెయ్యి అడ్డంగా ఊపాడు.

"చెబితే... ఆమె పేరు చెప్పాలి" అన్నాడు. కొంచెం ఆగి, "మిరపకాయలు చెప్పాలి" అన్నాడు.

తాత పలకనివ్వని పేరు. నాన్నకు చెబితే నాన్న ఊరుకోడు. మంగలి కొట్టు దగ్గరికి పోయి, మా పేరు ఎందుకు రాయలేదో తెలుసా అని అందరికీ చెబుతాడు. చెప్పకుండా ఉంటే నాన్న అన్నం తినడు. నేను ఇస్త్రీ చేసిన చొక్కాతో మా అన్నయ్య ఆ గోడ నీడలో నిలబడి ఈ రెండింటి మధ్య ఎంతసేపు ఆలోచించాడో నేను అడగలేదు.

షీటు మూయడానికి అర్జీ కావాలన్నారు. సత్ప్రవర్తనకు మారాను అన్న మాట అందులో ఉండాలన్నారు. దేని నుంచి మారాడో నేను రాయలేనన్నాను. ఆ శిష్యుడే రాసి తెచ్చాడు. అన్నయ్య చదివి, 'సత్ప్రవర్తన'లో వాడు వదిలేసిన ఒత్తు చూపించి దిద్దించి, వేలిముద్ర వేశాడు. కాలు పోయిన మనిషి కర్ర పొడుచుకుంటూ స్టేషనుకు వచ్చి తన మాట తాను చెప్పాడు. పై ఆఫీసులో కొంతకాలం పడి ఉంది. ఎన్నికల మాట ఊళ్లో గట్టిపడుతుండగా ఒక మధ్యాహ్నం ఆ శిష్యుడు మోటారు సైకిలు ఆపకుండానే గుమ్మం దగ్గర నుంచి అరిచాడు.

"మేడం! సార్ షీటు మూసేశారు! ఇంక రానవసరం లేదు!"

నేను లోపలికి పోయి అన్నయ్య పక్కన కూర్చున్నాను. గోడ అవతల ఎరువుల కొట్టులో బస్తాలు దించుతున్న చప్పుడు. అవి ఆ రాయి మీద పడుతున్నాయని చప్పుడును బట్టి మాకు తెలుస్తుంది.

"అయిపోయింది అన్నయ్యా. ఇంక అందులో మన పేరు లేదు" అన్నాను.

అన్నయ్య ఆ చప్పుడు వచ్చే గోడ వైపు చూశాడు. ఒకప్పుడు ఆ గోడకు అవతల నాన్న కూర్చునేవాడు. నా వైపు వంగి, ఎవరికీ వినబడకూడదన్నట్టు అన్నాడు.

"నాన్నకు చెప్పబాక."

మతి తప్పి అన్నాడో, నవ్వుతూ అన్నాడో తెలియలేదు. కుడి సగం కదలని ముఖంలో నవ్వు పోల్చుకోవడం కష్టం. కుడి కన్ను తడిగా ఉంది, అయితే ఆ కన్ను పక్షవాతం వచ్చినప్పటి నుంచీ తడిగానే ఉంటుంది.

"చెప్పనులే" అన్నాను.